ఒకటో నంబరు తొట్టి

పాత తొట్టిని బాగు చేయించాలా, తీసేసి కొత్తది పెట్టాలా అని సుదర్శనం అడిగాడు. గోదావరి గట్టున ఉన్న ఒక చిన్న ప్రకృతి చికిత్సాలయంలో అతను ఆరేళ్ళుగా శిష్యుడు. అడిగింది అక్కడి పెద్ద వైద్యుడు గవర్రాజుగారిని. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని శిష్యులు చాటుగా విసుక్కునేవారు.

అది ఇనుప తొట్టి, లోపల పింగాణీ పూత. గవర్రాజుగారి గురువు పడవ మీద తెప్పించి, తొలి రోగికి తన చేత్తో స్నానం చేయించిన తొట్టి. కాళ్ళ వైపు తుప్పు పట్టి చిల్లి పడితే సుదర్శనమే లప్పం పెట్టి తెల్లరంగు వేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడో అతుకు వేసి నాలుగు రోజులైంది. కొత్తది ఇస్తానని ఒక దాత ముందుకొచ్చాడు గాని, గురువుగారి గురువు వాడిన వస్తువును పారెయ్యడానికి సుదర్శనానికి మనసొప్పలేదు. గురువుగారు ఏదో వేదాంతం చెబుతారని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు అందులో ఎవరికి స్నానమని గవర్రాజుగారు అడిగారు. మంగతాయారుగారికని చెప్పాడు. ఆవిడ రిటైరైన టీచరు. షుగరు ముదిరి పాదాలకు స్పర్శ పోయింది, చూపు కూడా మందగించింది. వారం రోజులుగా రోజూ ఆ తొట్టిలోనే స్నానం.

"ముందు నువ్వు కూర్చో," అన్నారాయన. "ఆవిడ కూర్చున్నంతసేపూ."

ఈ ఆరేళ్ళలో వందల మందిని తొట్టిలో కూర్చోబెట్టినవాడు, తను ఒక్కసారి కూర్చున్న పాపాన పోలేదు. అతుకు వేసిన ప్రతిసారీ నీళ్ళు నింపి, చుక్క కారకపోతే బాగుందనుకునేవాడు. ఇప్పుడు తొట్టి నింపి, పంచె బిగించి దిగాడు. గురువుగారు పక్కన స్టూలు వేసుకుని గడియారం చూస్తున్నారు. పావుగంట గడిచింది. ఒళ్ళు కిందికి జారుతుంటే సుదర్శనం మడమలు తన్నిపెట్టి పైకి జరిగాడు. ఎడమ మడమ చురుక్కుమంది. నీళ్ళలో సన్నగా ఎర్రని జీర తేలింది. గట్టిపడిన లప్పం అంచు బ్లేడులా లేచి ఉంది, తెల్లరంగులో కలిసిపోయి కంటికి ఆనలేదు.

తనకు కాబట్టి తెలిసింది. ఆవిడకు తెలియదు. ఆ సంగతి తట్టేసరికి అతను ఒక్క ఉదుటున తొట్టిలోంచి లేచాడు.

తడి పంచెతోనే పరుగెత్తాడు. మంగతాయారుగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు, కాళ్ళకు మేజోళ్ళు. అతను కింద కూర్చుని ఒకటి లాగాడు. మడమ దగ్గర అంటుకుపోయి రాలేదు. నీళ్ళతో తడిపి మెల్లగా ఊడదీశాడు. రెండు గాట్లు. ఒకదాని చుట్టూ ఎర్రగా వాచి ఉంది. షుగరు మనిషికి అలాంటి పుండు పాదం తీసేసేదాకా వెళ్తుందని అతనికి తెలుసు.

"ఏం బాబూ, ఏమైంది? నాకేం నొప్పిగా లేదే," అన్నారావిడ.

ఆ మాటకు సుదర్శనం ఏడ్చేశాడు.

గంటలో ఆవిడను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఫోను వచ్చేదాకా గవర్రాజుగారు అరుగు మీదే కూర్చున్నారు, అన్నం ముట్టలేదు. ఆయనకు అంతా ముందే తెలుసని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను నమ్మను. తెలిస్తే నాలుగు రోజులు ఊరుకునే మనిషి కాదు. సాయంత్రానికి కబురొచ్చింది. ఇంకో రెండు రోజులు ఆగితే పుండు ఎముకకు పాకేదట, ఇప్పుడు పాదానికి భయం లేదని డాక్టర్లు అన్నారు.

అప్పుడు సుదర్శనం గునపం పట్టుకొచ్చాడు. తొట్టిని ఇప్పుడే పగలగొట్టేస్తానని, దాత ఇస్తానన్నది రేపే తెప్పిస్తానని అన్నాడు.

గవర్రాజుగారు అడ్డు చెప్పలేదు. లేచి, దులుపుకుని లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"అలాగే చెయ్యి. కొత్తది వచ్చాక, అందులో మొదట కూర్చునేది ఎవరు నాయనా?"