పన్నెండు హాళ్లకు ఒక్క యాప్

"ఒక్క దీపం పెడితే ఎందరికమ్మా వెలుగు" అని చిన్నప్పుడు పాడుకునేవాళ్లం. తర్వాత నూనె సంగతేదో వస్తుంది, ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

మా వీధి దర్జీ కూతురు పైడితల్లి, సినిమా టికెట్లు అమ్మే యాప్ ఒకదాన్ని రెండేళ్లు కూర్చుని తయారుచేసింది. అది ఫోన్లో ఉంటుందట, చేత్తో పట్టుకోలేమట. హాలుకు నెలకు వెయ్యి చొప్పున అడిగింది. పన్నెండు హాళ్లున్న జోగినాయుడుగారు పకపకా నవ్వారు.

"ఒక్క హాలుకే ఇస్తాను, అన్నిట్లో వాడుకుంటాను. చేసేసిన వస్తువు ఇంకో ఫోన్లోకి పంపితే నీకేం అరిగిపోతుందే?"

నాకూ నిజమే అనిపించింది. కానీ ఆ వెయ్యితో ఆ పిల్ల కరెంటు బిల్లు కూడా తీరదు. పైడితల్లి మాత్రం "అలాగేనండి" అని వచ్చేసింది.

మర్నాడు మ్యాట్నీకి, తనతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లం నాయుడుగారి హాలుకు వెళ్లాం. గేటు దగ్గర ఒక్క టికెట్టే చూపించింది. గొడవ విని నాయుడుగారే వచ్చి కేకలేశారు.

"ఆట ఎలాగూ వేస్తారు కదండీ," అంది పైడితల్లి. "సగం కుర్చీలు ఖాళీయే. ఇంకో పదకొండుమంది చూస్తే మీ బొమ్మేం అరిగిపోతుంది?"

ఇంతలో వరసలోంచి ఎవరో, "మమ్మల్నీ ఒక్క టికెట్ మీదే పంపండి బాబూ!" అని అరిచారు.

"సరేలేవే, పన్నెండు హాళ్లకూ ఇస్తాను!" అన్నారు నాయుడుగారు కంగారుగా.

ఆయన ఒప్పుకున్నారు కదా అని నేను గుమ్మమెక్కాను. పైడితల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది. మళ్లీ ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు.

"ఆగు మామ్మా, ఇంకో పదకొండు టికెట్లు కొనాలి."