ఇప్పచెట్టు పట్టిన నీలమ్మ

గెడ్డ వాగు పక్క బురదగుంటలో ముప్పై గేదెలు పడుకుని ఉంటే, వాటి వీపుల మీద రెండు జట్లు పనిచేసేవి. పిడుదులు ఏరడమే పని, ఏరినన్నీ తిండి. ఒక జట్టు కాకి నీలమ్మది, రెండోది గోరింక పైడమ్మది.

ఈ పని ముందు మొదలెట్టింది నీలమ్మే. నెల తర్వాత పైడమ్మ నలుగురు చుట్టాల్ని వెంటేసుకుని వచ్చింది. ఏడాది తిరిగేసరికి నీలమ్మ దగ్గర పది కాకులు, పైడమ్మ దగ్గర పద్దెనిమిది గోరింకలు. అది చూస్తే నీలమ్మకి ముద్ద మింగుడుపడేది కాదు. చాలదన్నట్టు మందపెద్ద బోడిగేదె ఒకరోజు చెవి విదిలించి, "నువ్వొద్దులే నీలమ్మా, చెవిలోకి పైడమ్మని పిలు. దాని ముక్కు తగిలినట్టే ఉండదు" అంది. నీలమ్మ పైకి నవ్వింది. కానీ ఆ రోజంతా ముక్కుని రాయికేసి రుద్దుకుంటూనే ఉంది.

పైడమ్మ జట్టుకి మాత్రం నిలవ నీడ లేదు. ఒక తుమ్మ మోడు మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ కూర్చునేవి. శ్రావణంలో వాన పట్టుకునేసరికి పైడమ్మ దిబ్బ మీది ఇప్పచెట్టు చూడ్డానికి వెళ్ళింది. ఆ చెట్టు ముసలి కొండముచ్చు అప్పలకొండది. నీలమ్మ వెనకాలే వెళ్ళి ఆకుల చాటున నక్కింది.

"ఎంత చెట్టు తాతా! ఇక్కణ్ణించి గుంటంతా కనబడుతోంది" అంది పైడమ్మ.

"చెట్టంతా తీసుకో. కానీ ఐదు వానాకాలాలు కదలనని మాటివ్వాలి" అన్నాడు అప్పలకొండ.

"ఆలోచించుకుని రేపు పొద్దున్న చెబుతాను."

ఆ కొమ్మల నిండా పద్దెనిమిది పసుపు ముక్కులు నీలమ్మ కళ్ళకి కట్టాయి. పైడమ్మ అలా వెళ్ళిందో లేదో, ఇది ఇలా దిగింది.

"తాతా, చెట్టు నాకిచ్చెయ్!"

"తొందరపడకు. నువ్వైనా ఐదు వానాకాలాలు కదలకూడదు. పూత మొదలైతే చిలకలు దండుగా వస్తాయి. నీ జట్టులో సగం ఎప్పుడూ ఇక్కడే ఉండి తోలాలి. మాట తప్పితే మావాళ్ళు నీ గూడు పీకేస్తారు."

"అలాగే, అలాగే!"

వెనకే వచ్చిన నీలమ్మ మరిది గవరయ్య ఆమెని పక్కకి లాగాడు. "వదినా, గెడ్డ ఎండిపోతే గేదెలు ఎటుపోతాయో అడిగావా? పోయినేడు మాఘంలో వాన పడబట్టి నీళ్ళు నిలిచాయి. ఏటా పడుతుందా?"

"నువ్వు నా జట్టా, దాని జట్టా?" అంది నీలమ్మ.

మర్నాడు పైడమ్మ వచ్చేసరికి చెట్టంతా కావుకావులు. "ఆలస్యమైపోయింది వదినా! ఇది ఇప్పుడు మా ఆఫీసు" అంది నీలమ్మ.

"మంచిది వదినా. వానలు తగ్గేదాకా ఒక్క కొమ్మ ఇస్తాడేమో అడుగుదామని వచ్చాను. గేదెలెక్కడుంటే మా పని అక్కడ. ఐదేళ్ళ మాట మేమెలా ఇస్తాం?"

"చెయ్యి జారిపోయాక ఎన్నైనా చెబుతావు!"

నీలమ్మ ఆ పూట కడుపునిండా తింది. గోరింకలు తడుస్తూనే ఆ వానాకాలం గట్టెక్కాయి.

శివరాత్రి దాటగానే గెడ్డ ఎండిపోయింది. మంద రెండు కోసుల అవతలి చెరువుకి బయలుదేరింది. గోరింకలు గేదెల వీపులెక్కి కూర్చునే వెళ్ళిపోయాయి. నీలమ్మ ఐదు కాకుల్ని చిలకల మీద కాపలా పెట్టి, తక్కిన ఐదింటినీ తీసుకుని రోజూ చెరువుకి ఎగిరింది. రెక్కలు ఒరుసుకుపోయేలా వెళ్ళేసరికి, అప్పటికే గోరింకలు ఏరేసిన గేదెల వీపులు అద్దంలా మెరుస్తుండేవి. ఇక్కడేమో చిలకలు వందల్లో దిగేవి. ఐదు కాకులు ఎటని తోలతాయి?

చైత్రం నాటికి ఆరు కాకులు జారుకున్నాయి. ఒకరోజు గవరయ్య వచ్చాడు. "వెళ్ళొస్తాను వదినా. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు."

"ఎవరి దగ్గరికి?"

గవరయ్య చెరువు వైపు చూశాడు. నీలమ్మకి ఆకలి కూడా అంత మంట పుట్టించలేదు.

గూట్లో మూడు గుడ్లున్నాయి. నీలమ్మ తలొంచుకుని అప్పలకొండ దగ్గరికి వెళ్ళింది. "తాతా, నన్ను వదిలెయ్."

"నేను పిలవలేదు కదమ్మా, నువ్వే వచ్చావు. ఐదు వానాకాలాలన్నావు, ఒక్కటే అయింది" అన్నాడు అప్పలకొండ.

ఆషాఢంలో మళ్ళీ గెడ్డ పారింది. మంద వెంట పైడమ్మ కూడా వచ్చింది. "వదినా, రెండు నెలలు ఒక కొమ్మ ఇస్తావా? ఉన్నన్నాళ్ళూ చిలకల్ని మేమే తోలతాం."

లేదనే మాట నీలమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. గోరింకల మధ్య తన పాత కాకులు నిగనిగలాడుతూ కూర్చున్నాయి. వాటిలో గవరయ్య కూడా ఉన్నాడు. అంతలో ఇప్పకాయల కోసం చిలకల మూక కీచుమంటూ చెట్టు మీద వాలింది.

"ఉండండి" అంది నీలమ్మ.

రెండు నెలలు కాగానే పైడమ్మ జట్టు అందరికీ చెప్పి, కొత్త మేతబీళ్ళకి బయలుదేరిన మంద వెంట వెళ్ళిపోయింది. నీలమ్మ చెట్టు మీదే ఉండిపోయింది.

కుళ్ళుతో ఇచ్చిన మాటకి, కుళ్ళు చల్లారినా గడువు తీరదు.