నెల్లూరు నీళ్ళు

నెల్లూరు పోవాలా వద్దా అనే ఒక్క ప్రశ్నతో పద్దెనిమిది రోజులు మా గురువుగారిని విసిగించాను.

ఆయన పేరు మునిచెంగయ్య. కలంకారీ గుడ్డలు రాస్తాడు. డెబ్బై దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. నేను తాతా అని పిలుస్తాను, ఆయన నన్ను పాపా అంటాడు. సుభాషిణి అని నాకో పేరుందని ఆయనకి గుర్తుందో లేదో.

ఈ పని నేను మొదట ఫోనులో వీడియోలు చూసి నాకు నేనే నేర్చుకున్నా. రెండేళ్ళు గుడ్డలన్నీ తగలేశాక, ఇది ఇట్లా వచ్చే విద్య కాదని తెలిసి ఆయన గడప తొక్కాను. మొదటి ఏడాది ఆయన నాకు కలం ఇవ్వలేదు. ఏట్లో గుడ్డలు జాడించమన్నాడు.

ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్ళతో రాస్తాం. అది ఆరాక గుడ్డని పారే నీళ్ళలో పట్టుకోవాలి. ఎక్కువైన పటికని ఏరు తీసుకుపోతుంది. తర్వాత ఎరుపు రంగునిచ్చే చెట్టు వేరు వేసి ఉడకబెడితే, రాసిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఏడాదంతా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి నేర్చుకున్నది ఇంతే.

ఇప్పుడు నెల్లూరు నుంచి పిలుపొచ్చింది. రమీజా అని రిటైరైన టీచరొకామె అక్కడ ఆడవాళ్ళకి కుట్టు నేర్పే కేంద్రం నడుపుతుంది. కాలవ ఒడ్డున ఒక షెడ్డు ఇస్తానంది. పదిమందికి ఈ పని నేర్పి, వాళ్ళతో గుడ్డలు రాయించే బాధ్యత నాది. మూడో వారం శుక్రవారానికి చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటుంది.

మద్రాసు అయితే వద్దనడం సులువు. అంత పెద్ద ఊళ్ళో నేనేం బతుకుతానని అంటే అందరూ ఒప్పుకుంటారు. ఇంకో పల్లె అయితే, దానికోసం ఈ ఊరు వదలడమెందుకు అనొచ్చు. నెల్లూరు అటూ కాదు ఇటూ కాదు, మధ్యరకం ఊరు. కాదనడానికి పెద్ద కారణం దొరకదు. అవుననడానికి ధైర్యం చాలదు.

"తాతా, నెల్లూరుకి రమ్మంటా ఉండారు. ఏం చేసేది?"

"ఆ కరక్కాయ పొడి ఇటియ్యి."

మర్నాడు ఇంకోలా అడిగాను. "నువ్వయితే పోతావా తాతా?"

"నన్ను పిలవలేదు గదా."

ఆయన భార్య మునెమ్మవ్వ పొయ్యి దగ్గర్నించి అరిచింది. "పోతే పో, ఉంటే ఉండు. రోజూ ఇదే పాటయితే నాకు సంగటి అరగడం లేదు."

చివరి వారం సోమవారంనాడు బస్సెక్కి నెల్లూరు పోయాను, షెడ్డు చూసి వద్దామని. షెడ్డు బాగుంది, వెలుతురు బాగా పడుతుంది. రమీజా టీచరు టీ ఇప్పించి, నా వేళ్ళకున్న నలుపు మరక చూసి "ఇది పోదా అమ్మా?" అని అడిగింది. పోదన్నాను. "మంచిదే, మా వాళ్ళు నిన్ను నమ్ముతారు" అంది.

వచ్చేటప్పుడు నాతో తీసుకెళ్ళిన పది లీటర్ల క్యాను షెడ్డు వెనక కాలవలో ముంచి నింపుకున్నా.

బస్సులో కండక్టరు దాన్ని కాలితో తట్టి చూశాడు. "ఇదేంది, కల్లా?"

"నీళ్ళు."

"నెల్లూరు నించి నీళ్ళు మోసకపోయేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నా. పెళ్ళికా, తద్దినానికా?"

పరీక్షకి అని చెప్పలేదు. మా పనిలో నీళ్ళని బట్టే రంగు. ఆ నీళ్ళకి ఎరుపు పడుతుందో లేదో చూసి తేల్చుకుందామని నా లెక్క. నేను తేల్చలేనిది ఆ నీళ్ళయినా తేలుస్తాయి కదా.

ఇంటికొచ్చి చిన్న గుడ్డ మీద మామిడిపిందెలు రాశాను. పటిక ఆరాక క్యాను నీళ్ళు తొట్టిలో పోసి జాడించాను. మిగిలిన నీళ్ళలోనే వేరు వేసి ఉడకబెట్టాను. తీసి చూస్తే ఎరుపు గీత దాటింది. పిందె చుట్టూ దెబ్బ తగిలి కమిలినట్టు ఒకటే మరక.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ప్రాణం హాయిగా ఉంది.

గురువారం సాయంత్రం ఆ గుడ్డ తీసుకొనిపోయి తాత ముందు పరిచాను. "చూడు తాతా. నెల్లూరు నీళ్ళకి మన ఎరుపు నిలవదు. రేపు టీచరుకి ఫోన్ చేసి రానని చెప్పేస్తా."

ఆయన గుడ్డ మీద బొటనవేలితో రుద్ది చూశాడు. ఎట్లా చేశావని అడగలేదు. నా మొహంలోకి చూసి, "రేపు పొద్దున్నే ఏటికాడికి రా. వచ్చినాక చేద్దువు ఫోను" అన్నాడు.

పొద్దున పోయేసరికి తాత ఏటి ఒడ్డున గొంతుక్కూర్చోని ఉన్నాడు. ఎదురుగా మునెమ్మవ్వ బట్టలుతికే నీలం ప్లాస్టిక్ తొట్టి. చెంబుతో ఏట్లో నీళ్ళు తోడి అందులో పోస్తున్నాడు. ఆయన కాలు చాపితే ఏరు తగులుతుంది.

"నువ్వయినా చెప్పవే సుభాషిణీ," అంది మునెమ్మవ్వ. "ఏరు పక్కనే పారతా ఉంటే తొట్లో ఉతుకుతాడంట. ముసలోడికి మతి పోయింది."

తాత ఒళ్ళో ఉన్న గుడ్డ చూశాను. అంచు నిండా లతలు, నడుమ పూలచెట్టు. నాలుగు రోజులు వంచిన నడుం ఎత్తకుండా రాసిన గుడ్డ. నిన్ననే పటిక పెట్టాడు. దాన్ని విప్పి, ఒక కొసని మెల్లిగా తొట్టిలోకి వదిలాడు.

ఎట్లా పోయానో తెలీదు, పోయి ఆయన మణికట్టు పట్టుకున్నా. నాలుగేళ్ళ శిష్యరికంలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఏంది తాతా ఇది. తొట్లో పెడితే పటిక పాకతాది. గుడ్డంతా మరకలైపోతాది."

"అట్నా?" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఏ ఊరి నీళ్ళకి?"

నేను ఆయన మణికట్టు వదిలాను.

మొదటి ఏడాదంతా నేను జాడించిన గుడ్డలు వందల్లో ఉంటాయి. నిలవ నీళ్ళలో పటిక పాకుతుందని నాకు తెలియదా? తెలుసు. మొన్న ఇంట్లో తొట్టిలో నీళ్ళు పోస్తున్నప్పుడూ తెలుసు. ఇక్కడ నేను మునిచెంగయ్య శిష్యురాలిని. నా గీత వంకర పోయినా అందులో ఏదో పనితనం ఉందనుకుంటారు. అక్కడ పదిమంది నా చేతివంకే చూస్తా కూర్చుంటారు. గీత వంకరైతే వంకరే. ఆ భయం చెప్పుకోలేక ఒక కాలవ మీద నేరం మోపాను.

తాత ఆ కొసని తొట్టిలోంచి పైకి తీశాడు. గుడ్డ నా చేతుల్లో పెట్టాడు.

నేను చెప్పులు విడిచి, చీర ఎగజెక్కి ఏట్లోకి దిగాను. మోకాళ్ళ దాకా చలి. గుడ్డ రెండు కొసలు పట్టుకుని వాలుకి వదిలితే బరువుగా లాగింది. తొట్టిలో తడిసిన కొస మీద ఒక లత అప్పటికే పాకి ఉంటుంది. ఉడకబెడితే ఆ మచ్చ బయటపడుతుంది. ఆయనకీ తెలుసు. దాని సంగతి ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు. మిగిలినదాన్ని మాత్రం జానెడు కూడా వదలకుండా జాడించాను.

ఒడ్డుకొచ్చి గుడ్డ ఇసకలో ఆరేసి, చేతులు కొంగుకి తుడుచుకుని రమీజా టీచరుకి ఫోన్ చేశాను.

"టీచర్, సోమవారం వస్తన్నా. వచ్చేలోపల మీరొక పని చెయ్యాలి. షెడ్డు వెనక కాలవలోకి దిగడానికి మెట్లు కట్టించండి. ఊరికే ఒడ్డు చదును చేస్తే చాలదు, మనిషి నిలబడి పని చేసుకునేట్టు ఉండాలి. మూడు మెట్లు."

అటు టీచరు రాసుకుంటున్నట్టుంది. మూడా అని మళ్ళీ అడిగింది.

తాత తొట్టిని ఏట్లోకి ఒంపేసి, నావైపు తిరక్కుండానే అన్నాడు.

"అయిదని చెప్పు పాపా. ఎండాకాలం నీళ్ళు కిందికి పోతాయి."