బోర్లించిన పడవ

ఎల్లాజీ దర్గా మెట్లెక్కి వచ్చి, ఫకీరు హుస్సేన్ బాబా ముందు ఒక తాళంచెవి పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండి బాబా. నేనింక ఆ షెడ్డులోకి పోలేను."

అది ఊరి చివర ఒడ్డునున్న పాత లైఫ్‌బోటు స్టేషను తాళంచెవి. తుపాన్లలో చిక్కుకున్నవాళ్ళను కాపాడే పడవలు ఒకప్పుడు అక్కణ్ణుంచే బయల్దేరేవి. స్టేషను మూసేసి పన్నెండేళ్ళయింది. ఆ పడవల్లో తెడ్డు వేసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది ఎల్లాజీ ఒక్కడే. మిగిలిన రెండు పడవలూ చీకిపోకుండా చూస్తున్నాడు. ఏ తుపానులో ఎవరు ఎవరిని ఒడ్డుకు చేర్చారో ఒక పుస్తకంలో రాసిపెడుతున్నాడు. ఆ పని చెయ్యమని చెప్పింది బాబాయే.

"ఏమైంది?"

"అడుగున తారు పుయ్యాలని చిన్న పడవను బోర్లించాను. అప్పట్నుంచి దాని కింద ఎవరో కొడుతున్నారు. పట్టపగలే వినబడుతోంది."

ఎలుకలేమోలే అని బాబా అనలేదు. "ఎవరు?" అని మాత్రం అడిగాడు.

ఎల్లాజీ తాళంచెవిని బాబా వైపు ఇంకాస్త జరిపాడు.

"నాతోపాటు తెడ్డు వేసిన దానయ్య. స్టేషను మూసేసే ముందు వచ్చిన తుపానులో పడవ తిరగబడితే నేను పైకి పాకి పట్టుకున్నాను. వాడు కింద ఉండిపోయాడు. లోపల కాస్త గాలి ఉన్నట్టుంది, చెక్క మీద కొట్టాడు. ఒక్కసారి మునిగితే చెయ్యి అందేదేమో. భయమేసింది బాబా. కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ఆ చప్పుడు లేదు. పడవ తిరగబడగానే సముద్రం వాణ్ణి లాక్కుపోయిందని అందరికీ చెప్పాను. పుస్తకంలోనూ అదే రాశాను."

బాబా తాళంచెవి తీసుకుని లేచాడు. ఎల్లాజీ వెంట నడిచాడు.

షెడ్డు తలుపు తీయగానే తారు వాసన కొట్టింది. బోర్లించిన పడవ ఒక పక్క అంచు కింద దుంగ పెట్టి ఎత్తి ఉంది. ఆ పక్కన మనిషి దూరేంత సందు. డెబ్భై దాటిన బాబా తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, నేలమీద పడుకుని, పాక్కుంటూ ఆ సందులోంచి లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత చెక్క మీద మూడు దెబ్బలు.

ఎల్లాజీ వెనక్కి వెనక్కి నడిచి తలుపుకు ఆనుకున్నాడు.

"బయటికి రండి బాబా."

మళ్ళీ మూడు దెబ్బలు. మళ్ళీ మూడు. రానురాను అవి మెల్లబడ్డాయి. రెండయ్యాయి. ఒకటయింది.

ఆగిపోయింది.

ఎల్లాజీ వేచి చూశాడు. అలల హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. చప్పుడు కన్నా ఇది ఎక్కువ భయంగా ఉంది. ఒక్క ఉదుటున వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మోచేతులు గీరుకుపోతున్నా పట్టించుకోకుండా లోపలికి పాకాడు. బయటి వెలుగులోంచి వచ్చిన కళ్ళకు అంతా చీకటే. చేత్తో తడిమితే ముసలిచెయ్యి ఒకటి తగిలి, అతని వేళ్ళను గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోందా?" అన్నాడు బాబా.

"వేస్తోంది."

"నాకూ వేసింది. నువ్వొచ్చేదాకా."

ఇద్దరూ కొంతసేపు అలాగే పడుకుని ఉన్నారు. ఎల్లాజీ ఏడుస్తున్నట్టు బాబాకు పట్టుకున్న చెయ్యి వల్లే తెలిసింది.

బయటికొచ్చాక ఎల్లాజీ పుస్తకం తీశాడు. దానయ్య గురించి రాసిన వాక్యం కొట్టేశాడు. దాని కింద జరిగింది జరిగినట్టు రాశాడు. నాలుగు వరుసలు రాయడానికి సాయంత్రమయింది.

"దానయ్య తల్లి మసేనమ్మ ఇంకా ఉంది బాబా," అన్నాడు. "ఆవిడ ఇది చూస్తే?"

బాబా తలగుడ్డ దులిపి చుట్టుకున్నాడు.

"ఆమెకు చదువు రాదు. నువ్వే వెళ్ళి చెప్పాలి."