పన్నెండో గుల్ల: పేరడుగమ్మ గట్టు కథ

సున్నపుమెట్ట ఊరు దాటి పడమరగా మైలు దూరం నడిస్తే పేరడుగమ్మ గట్టు వస్తుంది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పైన నల్లరాయి, కింద నల్లరాయి, నడుమ నాలుగు మూరల మందాన తెల్లరాయి పొర. ఆ తెల్లరాతిలోనే అమ్మవారు. పొట్టేలు కొమ్ములాగా చుట్టలు చుట్టుకుని, ఒంటినిండా నొక్కుల గీతలతో చాటంత ఉంటుంది. అమ్మవారికి పసుపు రాయరు, గీతలు పూడిపోతాయని. కొబ్బరికాయ తెచ్చినా తేకపోయినా, సముద్రపొడ్డున తమ చేత్తో ఏరిన గుల్ల ఒకటి భక్తులు తేవాలి. పూజారమ్మ దాన్ని అమ్మవారి పక్కన పెట్టి, తిప్పి తిప్పి చూసి, "కాదమ్మా" అంటుంది. ఆ మాట అనిపించుకున్నవాళ్లు కళ్లకద్దుకుని వెళతారు. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అందుకని ఆ సంగతి చెప్పుకోవాలి.

పూర్వం ఇక్కడ రాతిసున్నం కాల్చేవాళ్లు ఉండేవారు. వాళ్లలో అబ్బులయ్య పెద్ద. ఆయన బట్టీలో దిగిన సున్నం వెన్నలాగా ఉండేదని చెప్పుకునేవారు. ఆయనకొక కట్టడి ఉంది. బట్టీ ముట్టించే ముందు అందులో వేసిన ప్రతిదాన్నీ పేరుపెట్టి పిలిచి దణ్ణం పెట్టాలి. పేరు చెప్పకుండా నిప్పు పెడితే ఆ పాపం ఏడు బట్టీల దాకా వెంటాడుతుందని వాళ్ల నమ్మకం.

ఆయన ఇంటికి గుల్లలమొగ నుంచి వరహాలమ్మ కోడలిగా వచ్చింది. అది సముద్రపొడ్డు ఊరు, ఇక్కడికి రెండు రోజుల బండిదారి. ఆమె పుట్టింటివాళ్లదీ సున్నం పనే గానీ, గుల్లసున్నం. గుల్లలన్నీ ఒక్కలాగా కాలవు. పలచటి చిప్ప తొందరగా కాలుతుంది, మందపుది ఆలస్యమవుతుంది. అందుకని వేటికవి ఏరి వేరుగా పోస్తారు. ఏడో ఏటి నుంచీ వరహాలమ్మకు ఆ ఏరే పనే. కళ్లు మూసుకుని తడిమినా ఏ గుల్లో చెప్పేది.

మెట్టినింట రాళ్లు మోస్తుండగా ఒకరోజు ఆమె ఒక రాతిమీది గీతలు చూసి తట్ట దించి కూర్చుండిపోయింది. రాతిమీద గీతలుంటే ఇక్కడివాళ్లు పురుగురాయి అని పగలగొట్టి పారేసేవారు.

"అత్తా, ఇది పురుగు తిన్నది కాదు. ఆల్చిప్ప."

"గట్టుమీదికి ఆల్చిప్పెలా వచ్చిందే? నడిచొచ్చిందా?" అని అత్తగారు నవ్వింది.

అప్పటినుంచి వరహాలమ్మకు కాలు నిలవలేదు. పొయ్యిమీద ఎసరు మరుగుతుంటే ఆమె గట్టు దగ్గర ఉండేది. తెల్లరాతి పొరను గోటితో గీకేది, చెంగుతో తుడిచేది, నోట్లో నోట్లోనే పేర్లు చెప్పుకునేది. "కోడల్ని తెచ్చుకున్నామా, కోడిని తెచ్చుకున్నామా? పొద్దస్తమానం గీకుతానే ఉంటది" అని అత్తగారు వీధంతా వినబడేలా అనేది.

ఆ ఏడు పాత గని అడుగంటింది. తెల్లరాతి పొరను కొట్టి బట్టీకి వెయ్యాలని అబ్బులయ్య నిశ్చయించాడు. కోడలు అడ్డం వెళ్లి నిలబడింది.

"మావా, ఇది రాయి కాదు. సముద్రం ఇక్కడ కూర్చుని లేచి వెళ్లిన చోటు."

ముసలాయన కోపం అణచుకుని అన్నాడు: "ఇందులో ఎన్ని రకాలున్నాయో లెక్క చెప్పు."

"పన్నెండు."

"పన్నెండింటికీ నీ సముద్రంలో జత తెచ్చి చూపించు. వచ్చే పున్నమి దాకా గడువు. ఒక్కటి తప్పినా గట్టు బట్టీకే."

పదకొండింటికి జత పుట్టింటి గుమ్మం ముందే దొరికింది: ఆల్చిప్ప, దువ్వెన చిప్ప, మెలిక గుల్ల, ఇంకా అలాంటివి. పన్నెండోది పొట్టేలు కొమ్ము. దానికోసం ఆమె ఒడ్డెంట నడిచింది. ఏరు సముద్రంలో కలిసే ఒక మొగ నుంచి ఇంకో మొగ దాకా, ఆటుకి నీరు వెనక్కి తీసినప్పుడల్లా. వల లాగేవాళ్లను అడిగింది, ఎండుచేపల వాళ్లను అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. అరికాళ్లు చీరుకుపోయాయి. చంద్రుడు నిండుతున్నకొద్దీ ఆమెకు అన్నం సయించలేదు.

చివరికి మేనత్త మాణిక్యం ఒక తెల్లని గుల్ల తెచ్చి చేతిలో పెట్టింది. గోరంత ఉంది, చుట్ట తిరిగి ఉంది.

"దీని చుట్టల మజ్జిన సందుందత్తా. రాతిలోదానికి సందు లేదు."

"మీ మావ కళ్లకి గేదే సరిగా ఆనదు, సందు ఆనుద్దా? పట్టుకెళ్లు."

వరహాలమ్మ పట్టుకెళ్లింది.

అబ్బులయ్య పదకొండు జతలనూ నీళ్లతో తడిపి, వేలితో తడిమి, ఒప్పుకున్నాడు. పన్నెండోదాన్ని పెద్ద చుట్టమీద ఆనించి, "తల్లీ పిల్లా లాగున్నాయి. మాటంటే మాట. గట్టు జోలికి రాను" అన్నాడు.

గెలిచింది. గెలిచినదానికి నిద్ర లేదు. తక్కిన క్షేత్రాల్లో అమ్మవారు కలలో కనబడి ఆనతిస్తుంది. ఇక్కడ కల రావడానికి అసలు కునుకే రానియ్యలేదు. పప్పు రుబ్బుతున్నా, పిండి జల్లిస్తున్నా ఆ సందే కనబడేది. ఏరేవాళ్లు ఒక కుప్పలోది ఇంకో కుప్పలో వేస్తే బట్టీయే పాడవుతుంది. ఆ పని ఆమె పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. నాలుగోనాడు పొద్దున్నే మామగారి ముందు నిలబడింది.

"మావా, పన్నెండోది జత కాదు. తెలిసే చెప్పాను."

"నోర్మూసుకోరాదటే, గెలిచినదానివి!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

అబ్బులయ్య సమ్మెట తీసుకుని గట్టెక్కాడు. సాయంత్రానికి ఒక బట్టీకి సరిపడా తెల్లరాయి దిగింది. పొట్టేలు కొమ్మున్న బండను పగలకుండా తొలిచి, అన్నిటికన్నా పైన పెట్టారు. వరహాలమ్మ బట్టీ పక్కనే నిలబడింది. ఏడవలేదు, కాళ్లు మార్చి మార్చి నిలబడింది.

మర్నాడు పొద్దున తాటికమ్మ వెలిగించి ముసలాయన పేర్లు మొదలుపెట్టాడు. "చింతమొద్దూ, నీకు దణ్ణం. తాటికమ్మా, నీకు దణ్ణం." అంతకు ముందైతే తరవాత గట్టురాయి అనేవాడు. ఇప్పుడు నోరు తిరగలేదు. తడిపి తడిమిన చేతులాయె. "ఆల్చిప్పా, నీకు దణ్ణం. దువ్వెన చిప్పా..." పదకొండూ పిలిచాడు. పన్నెండోదాని దగ్గర ఆగాడు.

"అమ్మీ, దీని పేరేంటి?"

"తెలవదు మావా."

"కమ్మ కాలిపోతోంది. ఏదో ఒకటి చెప్పు."

"ఒకసారి చెప్పాను కదా. ఇంక చెప్పను."

"రాయి అననా?"

"మీకు రాయిలా కనబడితే అనండి."

ఆయన చూశాడు. జీవితమంతా అన్న ఆ ఒక్క మాటా ఇప్పుడు అనలేకపోయాడు. మంట పిడికిలి దాకా వచ్చింది. కమ్మను ఇసకలో గుచ్చి, "జత దొరికి పేరు తెలిసినరోజు ముట్టిస్తాను. అన్నీ దించండిరా" అన్నాడు.

బండను తిరిగి గట్టులో అమర్చారు. ఆ అతుకు గీత ఇప్పటికీ కనబడుతుంది. వరహాలమ్మ బతికినన్నాళ్లూ ఏటేటా సముద్రానికి వెళ్లి వెతికింది, దొంగ వెతుకులాట కాదు, నిజంగానే. ప్రతిసారీ వచ్చి, అందరి ముందూ గుల్ల ఆనించి, తనే "కాదు" అనేది.

ఇప్పటికీ పూజారమ్మ ఆ ఇంటి ఆడపడుచే అవుతుంది. పదకొండు జతలూ గూళ్లలో ఉన్నాయి. ఆమధ్య కాలేజీ మాస్టారొకరు భూతద్దం తెచ్చి చూసి, అమ్మవారి జాతికి పుస్తకాల్లో పేరుందని చెప్పారు. "జత చూశారా బాబూ?" అని పూజారమ్మ అడిగింది. ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేదన్నారాయన. "అయితే ఇంకా కాదు" అని ఆమె హారతి ఇచ్చింది.

మాఘమాసం ఆదివారాల్లో భక్తులు ఎక్కువగా వస్తారు. అంగడిలో కొన్న గుల్లలు, మెరుగు పెట్టినవి తేవద్దని మనవి. మనసు కుదురులేనివాళ్లకు ఈ తల్లి కుదురు ఇస్తుందని చెప్పలేం, ఎవరికీ ఇచ్చినట్టు లేదు. అబద్ధం నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్లు మాత్రం ఇక్కడ చెప్పేసి తేలికపడి వెళతారు. గట్టు కింద అబ్బులయ్య బట్టీ పేర్చిన మొద్దులతో అలాగే ఉంది, ఏటా కొత్త మొద్దులు మారుస్తారు. మీ గుల్లను అమ్మవారి పక్కన పెట్టినప్పుడు ఒక్క క్షణం అందరూ ఊపిరి బిగబడతారు. పూజారమ్మ "కాదమ్మా" అంటుంది. గట్టు ఇంకొన్నాళ్లు నిలిచినట్టు.