చప్పుడు చెయ్యని డప్పు

ఆ ఊరికి బయస్కోపు డేరా కొత్తగా వచ్చిన రోజులవి. మధ్యాహ్నం పూట ఆట బొమ్మలు అంటించిన ఎడ్లబండి ముందు డప్పు వాయిస్తూ వీధివీధికీ ఆట సంగతి చాటే పని సింగన్నది. డేరా నిండకపోతే వాడి కూడు పోయినట్టే. కుర్చీ టిక్కెట్టు కొనేవాళ్ళంతా పెద్దవీధిలోనే ఉంటారు. సరిగ్గా ఆ వేళకే ఆ వీధిలో మునిసిపల్ చైర్మన్ పేరయ్య పంతులుగారు కునుకు తీస్తారు.

"ఒరే, నా వీధిలో డప్పు మోగిందో, దాని తోలూ నీ తోలూ రెండూ ఊడతాయి!" అన్నారాయన.

"చిత్తం బాబూ" అన్నాడు సింగన్న.

మర్నాడు ఊరంతా మోగించుకుంటూ వచ్చి, పెద్దవీధి మొగలో ఠక్కున ఆపేశాడు. డప్పుకు దుప్పటి చుట్టాడు. బొమ్మల బండి ఎద్దుల మువ్వల్లో గుడ్డలు కుక్కాడు. మునివేళ్ల మీద నడవసాగాడు. రోజూ మోగే డప్పు మోగకపోయేసరికి వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది.

"ఏమైందిరా?"

సింగన్న ఒక్కొక్కరి చెవిలోనూ చెప్పాడు: "పంతులుగారు పడుకున్నారు, చప్పుడు చెయ్యకండి. రాత్రికి బయస్కోపు ఉంది, రండి."

ఆ గుసగుస పక్క వీధులకూ పాకింది. చైర్మన్‌గారి నిద్రకు కాపలా కాస్తున్న డప్పువాణ్ణి చూడ్డానికి జనం విరగబడ్డారు. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, వీధంతా గొల్లున నవ్వింది.

పంతులుగారు పంచె సర్దుకుంటూ ఊడిపడ్డారు. "ఏమిట్రా ఈ గోల?"

"నేను డప్పు ముట్టలేదు బాబూ. తమరి నిద్ర చెడగొట్టొద్దని ఇంటింటికీ చెప్పుకుంటున్నాను. రేపూ చెబుతాను."

రేపూ అనేసరికి పంతులుగారు నీరుగారిపోయారు. "వద్దురా నాయనా! డప్పే కొట్టుకో."

సింగన్న అక్కడికక్కడే దుప్పటి విప్పి దరువేశాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమంటే, చైర్మన్‌గారు నిద్ర లేచారహో! ఇక అందరూ బయస్కోపుకు రావచ్చునహో!"