పేర్లు మింగిన చెరసాల

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి గోడలంటే పిచ్చి. కొందరికి గుర్రాల పిచ్చి, కొందరికి నగల పిచ్చి. శిలాపురిని ఏలే భీమరథుడికి మాత్రం చెరసాల గోడల పిచ్చి. గుమ్మడికాయ దొంగిలించావా? పద లోపలికి. దుప్పటి దొంగిలించావా? పద లోపలికి. ఎందుకు దొంగిలించావురా అని అడిగే తీరిక దొరగారికి లేదు పాపం, గోడ ఎత్తు కొలుచుకోవాలి కదా!

ఆ చెరలో ఒక ఆచారం ఉండేది. లోపలికి వెళ్లే మనిషి పేరును గుమ్మం దగ్గరే తీసేసేవాళ్లు. ఏది దొంగిలిస్తే అదే పేరు. "ఒరే గుమ్మడికాయా, గంజి తాగు." "ఒరే దుప్పటీ, లేచి నిలబడు." పదేళ్లు గుమ్మడికాయా అని పిలిస్తే మనిషి ఏమవుతాడో మీరే చెప్పండి. నవ్వకండి, నవ్వితే కథ ఆపేస్తా.

ఆ చెరలోంచి ఒకడు మాంత్రికుడై బయటికొచ్చాడు. తిన్నగా సభకెళ్లి, "గోడలంటే అంత ఇష్టమా రాజా? అయితే నువ్వే గోడవైపో!" అని నీళ్లు చల్లి, ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు. రాజు పాదాలు రాయైపోయాయి. వారం వారం ఆ రాయి పైకి పాకుతోంది. ఏడు వారాలు నిండితే తల కూడా రాయే.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఈటె పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు మాంత్రికుణ్ణి బంధిస్తానని ఏనుగు తలంత తాళం పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రాయి రాజు నడుం దాకా వచ్చింది. అప్పుడు మూడోవాడు మణిధరుడు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నగారూ, చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మళ్లీ దీన్ని వెచ్చగానే పట్టుకుంటాను" అని ఉత్త చేతులతో బయలుదేరాడు.

దారిలో ఒకచోట ఎలుకను బోనులో పెట్టారు, బస్తాలు కొరికిందని. ఇంకోచోట కాకిని కట్టేశారు, ఉంగరం ఎత్తుకుపోయిందని. సముద్రపు ఒడ్డున పెద్ద తాబేలును వెల్లకిలా తిప్పి పడేశారు, వలలు చింపిందని.

"నీకేం పని వచ్చు?" అని మణిధరుడు ఎలుకను అడిగాడు.

"కొరకడం వచ్చు బాబూ."

"నీకేం పని వచ్చు?" అని కాకిని అడిగాడు.

"ఎంత దాచినా వెతికి పట్టడం వచ్చు బాబూ."

"మరి నీకు?" అని తాబేలును అడిగాడు.

"ఎంత దూరమైనా ఈదడం వచ్చు నాయనా. ఇన్నాళ్లూ అడిగినవాడే లేడు."

"అయితే రండి, మీ ముగ్గురికీ నా దగ్గర పనుంది" అన్నాడు. కట్లు విప్పించి, తాబేలు వీపు మీద ఏడు సముద్రాలూ దాటాడు.

ఆ ఒడ్డున ఒక పిల్ల వడ్లు దంచుతోంది. పేరు పగడాల, మాంత్రికుడి మేనకోడలు. మణిధరుణ్ణి ఎగాదిగా చూసింది.

"మూడోవాడివా? మొదటివాడు ఈటె తెచ్చాడు. మా మామ వాడికి ఈటె అని పేరుపెట్టి గోతిలో తోశాడు. రెండోవాడి పేరు తాళం. నువ్వేం తెచ్చావు?"

"ఏమీ తేలేదు."

"అయ్యో, నీకు పేరెలా పెడతాం!" అని రోకలి ఆపి నవ్వింది. "మామ ప్రాణం చిలకలో ఉంది. ఎక్కడ దాచాడో నాకూ తెలీదు. దొరికితే మాత్రం దాన్ని చంపకు. ఆయన చెడ్డవాడు కాడు, చెడగొట్టారు."

కాకి దీవంతా తిరిగి ముళ్లపొదలో పంజరం కనిపెట్టింది. ఎలుక పొద కొరికి దారి చేసింది. మణిధరుడు పంజరం పట్టుకుని పగడాల ఇంటి ముందుకు రాగానే మాంత్రికుడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

పక్కనున్న గోతిలోంచి అన్నలు అరిచారు. "మెడ నులిమెయ్ తమ్ముడూ!"

"నులిమితే మీ నాన్న శాపం విప్పేదెవరు, మీరా?" అని పగడాల గోతి వైపు రోకలి ఆడించింది.

మణిధరుడు అడిగాడు. "మాంత్రికా, నీకీ విద్య నేర్పిందెవరు?"

"మీ నాన్నే! మీసం రాని వయసులో చెంబు దొంగిలించి చెరలో పడ్డాను. నన్ను చెంబూ అన్నారు. పక్క గదిలో ముసలి మంత్రగాడు తప్ప నాతో మాట్లాడినవాడు లేడు. వాడికొచ్చింది వాడు నేర్పాడు. కమ్మరి పక్కన కూర్చోబెట్టుంటే కొడవళ్లు చేసేవాణ్ణి. చెర కూడా బడే రాకుమారా. అందులో ఏ పాఠం నడుస్తోందో ఎవరూ చూడరు, అంతే."

మణిధరుడు పంజరం తలుపు తీశాడు. చిలక ఎగిరి మాంత్రికుడి భుజం మీద వాలింది. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం చూసి ఆ చిలక ముసలావిడ గొంతుతో పలికింది. "ఎల్లమందా, అన్నం తిన్నావా నాయనా?"

మాంత్రికుడు కూలబడి ఏడ్చాడు. "ఇది మా అమ్మ చిలక. అన్నం కంటబడితే ఆ మాటే అంటుంది. నన్ను నా పేరుతో పిలిచేది ఈ లోకంలో ఇదొక్కటే. అందుకే నా ప్రాణం ఇందులో పెట్టుకున్నా."

కళ్లు తుడుచుకుని అన్నాడు. "మీతో వస్తాను. కానీ శాపం నేను విప్పితే ఊడేది కాదు. నన్ను నా పేరుతో మీ నాన్నే పిలవాలి. మనిషెవరూ ఆ పేరు అందించకూడదు. అందిస్తే ఆ క్షణమే నిలువెల్లా రాయి."

అన్నల్ని పైకి లాగి, అందరూ తాబేలెక్కి వచ్చేసరికి రాయి రాజు గొంతు దాకా పాకింది. మణిధరుడు తండ్రి చెయ్యి పట్టుకుంటే చల్లగా, గరుగ్గా తగిలింది.

"నాన్నగారూ, ఈయన్ని పేరు పెట్టి పిలవండి!"

"వీడా? చెంబు!" అన్నాడు రాజు. రాయి గడ్డం దాకా వచ్చింది.

"పేరు నాన్నగారూ!"

"దొంగ..." అన్నాడు. రాయి కింది పెదవి అంచుకి వచ్చింది.

ఇంక ఒక్క మాటకే చోటుంది. మణిధరుడి నాలుక చివరే ఉంది పేరు, చెబితే తండ్రి పోతాడు. పగడాల వంటశాలలోకి విసవిసా వెళ్లి, పొగలు కక్కే అన్నం పళ్లెం తెచ్చి చిలక ముందు పెట్టింది. చిలక మనిషి కాదుగా!

"ఎల్లమందా, అన్నం తిన్నావా నాయనా?"

రాజు కళ్లు చెమ్మగిల్లాయి. పదేళ్లు తన చెరలో మగ్గినవాణ్ణి ఆ మాట తనెప్పుడూ అడగలేదు. కదలని పెదవిని కదిలించి, "ఎల్లమందా... అన్నం తిన్నావా నాయనా?" అన్నాడు.

ఫెళఫెళా పెచ్చులూడి రాయంతా రాలిపోయింది. మణిధరుడి చేతిలో తండ్రి చెయ్యి వెచ్చబడింది. హమ్మయ్య అని ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

రాజు ఆ కాళ్లతో మొదట నడిచింది చెరసాలకే. గుమ్మడికాయకి తన పేరు గుర్తు రావడానికి ఏడు రోజులు పట్టింది. తర్వాత అతనికి పొలం పని నేర్పారు, దుప్పటిని మగ్గం ముందు కూర్చోబెట్టారు. ఎల్లమంద మంత్రం మాని ఉలి పట్టి తిరగళ్లు చెక్కాడు, చెక్కడం నేర్పాడు. అందరూ ఒక్కరోజులో బుద్ధిమంతులయ్యారనుకుంటున్నారా? ఒకడు మగ్గం మీది నూలు కండెలే ఎత్తుకుపోయాడు. పట్టుకొచ్చి మళ్లీ కూర్చోబెట్టారు. మనుషుల మీద కత్తి దూసేవాళ్ల కోసం ఒక్క గది ఉంచారు, దాంట్లోనూ ఒక గురువును పెట్టారు. మిగతా గోడల రాళ్లు బావులకీ పిల్లల బడులకీ సరిపోయాయి.

మణిధరుడికీ పగడాలకీ పెళ్లయింది. పెళ్లి పీటల మీద ఎలుక తాళిబొట్టు తాడు కొరకబోతే పగడాల దాని చెవి మెలేసింది. భీమరథుడి తర్వాత వాళ్లిద్దరూ అరవై ఏళ్లు ఏలారు. ఆ రాజ్యంలో దొంగ దొరికితే మొదట అడిగే ప్రశ్నలు ఇప్పటికీ మూడే.

నీ పేరేంటి? అన్నం తిన్నావా? నీకేం పని నేర్పమంటావు?